మర్మము - సంస్కారము : కథోలిక సంస్కారముల బైబిలు ప్రమాణ విచారము

భాషాంతరీకరణమునందు ఒక్కొక్కయెడ ఒక్క పదమే ఒక సిద్ధాంతభారమును మోయవలసి వచ్చును. క్రైస్తవ మతచరిత్రయందు అట్టి భారమును వహించిన పదములలో గ్రీకు భాషలోని 'మిస్తేరియోన్' అనునది ముఖ్యమైనది. ఎఫెసీయులకు వ్రాయబడిన లేఖలో ఐదవ అధ్యాయము 32వ వచనమున లేఖకుడు భార్యాభర్తల ఐక్యమును గూర్చి చెప్పుచు దానికి ఈ పదమును వాడి, తన మాట క్రీస్తునకును సంఘమునకును అన్వయించునని తెలిపెను. లాటిను భాషాంతరకర్తలు ఆ పదమునకు 'సక్రామెంతుమ్' అని పెట్టిరి. తెలుగు బైబిలున 'మర్మము' అని కలదు. రోమను కథోలిక సంఘము తన ఏడు సంస్కారములకును వాడు పేరు ఆ లాటిను పదమే.

దీనిని పట్టుకొని 16వ శతాబ్ది మొదలుకొని రెండు వాదములు నడచుచున్నవి. ఏడు సంస్కారముల సిద్ధాంతము ఒక తప్పు భాషాంతరమునుండి పుట్టినదని ఒక పక్షము. ఏడును బైబిలు మూలమున స్పష్టముగా విధింపబడియున్నవని వేరొక పక్షము. ఈ రెండు వాదములును మూలవాక్యములను ఉన్నవియున్నట్లు చూచినచో నిలువజాలవని మా అభిప్రాయము. సిద్ధాంతమును స్థాపించుటయు ఖండించుటయు వేదాంతుల పని. ఏ వాక్యమున ఏమి కలదు, దానినుండి ఎవరు ఎప్పుడు ఏమి గ్రహించిరి అను చరిత్రాంశము మాత్రమే మేమిట విచారింపబూనితిమి.

1. శబ్దచరిత్ర

కథోలికుల ఏడు సంస్కారములకు తెలుగు కథోలికులలో వ్యవహారముననున్న పేర్లివి: జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, దివ్యసత్ప్రసాదము, పాపసంకీర్తనము, అవస్థాభ్యంగనము, గురుపట్టము, జ్ఞానవివాహము. ప్రొటెస్టెంటు సంఘములు సామాన్యముగా ఇందు మొదటిదానిని, మూడవదానిని మాత్రమే అంగీకరించి, వానిని బాప్తిస్మమనియు ప్రభురాత్రి భోజనమనియు వ్యవహరించును.

క్రొత్త నిబంధనయందు 'మిస్తేరియోన్' శబ్దము ఈ ఏడింటిలో బాప్తిస్మమునకు గాని ప్రభుభోజనమునకు గాని ఒక్కచోటనైనను వాడబడలేదు. ఇది మొదట గుర్తింపవలసిన విషయము. ఈ శబ్దమునకు వెనుక యూదుల వాఙ్మయము కలదు. దానియేలు గ్రంథము రెండవ అధ్యాయమున, రాజు కన్న కలలోని రహస్యమును చెప్పునెడ అరమాయిక భాషలో 'రాజ్' అను పదము కలదు. ఇది పారసీకమునుండి వచ్చినది. మన రాజశబ్దముతో దీనికి సంబంధము లేదు. దేవుడు తన సంకల్పమున దాచియుంచి తగిన కాలమున బయలుపరచు రహస్యమని దీని భావము. గ్రీకు భాషాంతరకర్తలు దీనికి 'మిస్తేరియోన్' అని వ్రాసిరి. పౌలు లేఖలయందును ఇదే భావము ముఖ్యముగా కనబడును. అనగా ఆ పదము సూచించునది కర్మకాండను కాదు, దైవసంకల్పమును.

లాటిను 'సక్రామెంతుమ్' చరిత్ర వేరు. రోమను న్యాయవ్యవహారమున వాది ప్రతివాదులు పందెముగా నుంచు ద్రవ్యమునకును, సైనికుడు తన సేనానియెదుట చేయు ప్రమాణమునకును ఇది పేరు. చిన్న ప్లినీ సుమారు క్రీ.శ. 112లో బిథీనియానుండి ట్రాజను చక్రవర్తికి వ్రాసిన లేఖలో, క్రైస్తవులు దొంగతనము వ్యభిచారము మొదలగు పాపములు చేయమని తమ్ముతాము కట్టుబరచుకొను ప్రమాణమునకు ఈ పదమునే వాడెను. సుమారు 200 ప్రాంతమున ఆఫ్రికాఖండపు కార్తేజి నగరమున నివసించిన తెర్తుల్లియను బాప్తిస్మమును సైనికప్రమాణముతో పోల్చి, ఆ పదమును క్రైస్తవ పరిభాషలో స్థిరపరచెను. పవిత్రమైనది, కట్టుబరచునది, అన్యులకు గుప్తమైనది అను మూడు ఛాయలు ఇందు కలిసినవి. అన్యమతముల గుప్తపూజలకు 'మిస్తేరియా' అను పేరు ప్రసిద్ధమై యుండుటచే, దానిని తొలగించి స్వభాషాపదమును గ్రహించుట తొలినాటి లాటిను క్రైస్తవులకు ఉచితముగా తోచియుండవచ్చును.

కావున ఈ పదము జెరోము కల్పన కాదు. పోపు డమాససు కోరికపై జెరోము సువార్తలను సవరించుటకు పూర్వమే ప్రాచీన లాటిను ప్రతులయందు ఇది యుండెను. వుల్గాతా అని ప్రసిద్ధికెక్కిన లాటిను బైబిలున, 'మిస్తేరియోన్' కొన్నియెడల 'మిస్తేరియుమ్' గను, కొన్నియెడల 'సక్రామెంతుమ్' గను కనబడును. ఎఫెసీయుల లేఖ మూడవ అధ్యాయమునందే 3వ వచనమున ఒకటి, 4వ వచనమున వేరొకటి. ప్రకటన గ్రంథము 17వ అధ్యాయమున బబులోను అను స్త్రీని గూర్చి చెప్పునపుడు 5వ వచనమున 'మిస్తేరియుమ్', 7వ వచనమున 'సక్రామెంతుమ్'. మృగముపై కూర్చుండిన ఆ స్త్రీని సంస్కారమని ఎవరును తలపలేదు గదా! వుల్గాతా పాఠకులకు ఈ పదము ఒక్కటే ఒక కర్మను సంస్కారముగా నిరూపింపజాలదనుటకు ఇంతకుమించిన నిదర్శనము వలదు.

2. ఏడు అను సంఖ్య

ఆగస్తీను (354-430) ఈ శబ్దమునకు శాస్త్రీయమైన ఆధారమును కల్పించెను. పవిత్రవస్తువునకు చిహ్నమైనది సంస్కారమని ఆయన మతము. యోహాను సువార్తపై చేసిన ఉపన్యాసములలో, జలాది ద్రవ్యమునకు వాక్యము తోడైనప్పుడు సంస్కారమగునని ఆయన వివరించెను. ఐనను ఆయన ఈ పదమును ఏడింటికి పరిమితము చేయలేదు. బాప్తిస్మార్థులకిచ్చు ఉప్పు, విశ్వాసప్రమాణము, ప్రభుప్రార్థన, పండుగలు మొదలగునవి కూడ ఆయనకు సంస్కారములే. వివాహమున సంతానము, పరస్పర విశ్వాసము, 'సక్రామెంతుమ్' అను మూడు మేలులు గలవని ఆయన 401 ప్రాంతమున వ్రాసెను. అచ్చట ఆ పదమునకు విడదీయరాని బంధమని ముఖ్యార్థము.

పారిసు నగరమున హ్యూగో తన గొప్ప గ్రంథమును 1130 ప్రాంతమున రచించునాటికిని ఈ విశాలార్థమే నిలిచియుండెను. 1150 తరువాత పీటరు లొంబార్డు తన 'వాక్యముల' నాల్గవ సంపుటమున ఏడింటిని వరుసగా లెక్కించెను. ఆ గ్రంథము విశ్వవిద్యాలయములలో పాఠ్యగ్రంథమగుటచే ఆ లెక్క స్థిరపడెను. 1274లో రెండవ లియోన్ మహాసభయు, 1439లో ఫ్లారెన్సు మహాసభ ఆర్మీనియనుల కొరకు చేసిన శాసనమును దానిని అధికారికముగా పేర్కొనెను.

ఇందువలన తేలునదేమి? కర్మలు ప్రాచీనములు; వానిని ఒక్క పేరుక్రింద చేర్చి సంఖ్య కట్టుట 12వ శతాబ్దిది. ఈ రెండింటిని వేరుపరుపక వాదించుటచేతనే ఉభయపక్షములును తొట్రుపడుచున్నవి. సంఖ్య నూతనమని చూపినంతమాత్రమున కర్మ నూతనమని సిద్ధింపదు. కర్మ ప్రాచీనమని చూపినంతమాత్రమున సంఖ్యకు లేఖనప్రమాణము దొరకదు.

3. పదునారవ శతాబ్ది వివాదము

ఇటలీ పండితుడు లొరెంజో వల్లా వుల్గాతాను గ్రీకు మూలముతో పోల్చి వ్రాసిన టిప్పణములను ఎరాస్మసు 1505లో ముద్రింపించెను. 1516లో బాసెలు నగరమున ఎరాస్మసు తానే గ్రీకు క్రొత్త నిబంధనమును ప్రకటించెను. ఎఫెసీయుల లేఖలోని మాటకు 'మిస్తేరియుమ్' అనియే యర్థమనియు, వివాహము సంస్కారమని తాను నమ్మినను ఈ వాక్యమునుండి మాత్రము అది నిరూపితము కాదనియు ఆయన తన వ్యాఖ్యలలో సూచించెను.

లూథరు 1520లో సంఘముయొక్క బబులోను చెరను గూర్చి రచించిన లాటిను గ్రంథమున దీనిని ఆయుధముగా గ్రహించెను. క్రీస్తుని వాగ్దానమును బాహ్యచిహ్నమును రెండును ఉన్నగాని సంస్కారము కాదని ఆయన నియమము. ఆ నియమముచే ఏడు మూడైనవి. గ్రంథాంతమునకు రెండే మిగిలినవి. యాకోబు లేఖలోని తైలాభ్యంగనమునుగూర్చి, అది నిజముగా అపోస్తలుని లేఖయే ఐనను సంస్కారమును స్థాపించు అధికారము క్రీస్తునకే గాని అపోస్తలునకు లేదని ఆయన వాదించెను. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ 1521లో ఏడు సంస్కారములను సమర్థించుచు ప్రత్యుత్తర గ్రంథమును ప్రకటించి, పోపు పదవ లియోనుండి విశ్వాసరక్షకుడను బిరుదమును బడసెను. అదే రాజు పిదప పోపుతో తెగతెంపులు చేసికొనుట చరిత్రలోని విపర్యయము.

ఇంతకన్న గమనింపదగినవాడు కార్డినలు కయెతాను (1469-1534). 1518లో ఆగ్సుబర్గు నగరమున లూథరును విచారించిన పోపు ప్రతినిధి ఆయనయే. కథోలిక వేదాంతులలో అగ్రగణ్యుడు. అట్టివాడు తన బైబిలు వ్యాఖ్యానమున, వివాహము సంస్కారమని పౌలు ఈ వచనమున చెప్పినట్లు గ్రహింపరాదని వివేకవంతుడగు పాఠకుని హెచ్చరించెను. యాకోబు లేఖలోని అభ్యంగనము కూడ అవస్థాభ్యంగన సంస్కారమును గూర్చినది కాదనియు, రోగులకై సువార్తలలో చెప్పబడిన అభ్యంగనమును గూర్చినదనియు వ్రాసెను. ఆయన సంస్కారములను విడిచినవాడు కాడు. వానికి ఆధారము ఈ వాక్యములుకావని మాత్రమే ఆయన నిర్ణయము. అనగా శబ్దార్థ విషయమున ప్రతికక్షులు ఇరువురును ఒక్కమాటయే పలికిరి. వారి భేదము శబ్దమునందు లేదు. లేఖనమొక్కటియే ప్రమాణమా, సంఘపరంపర కూడ ప్రమాణమా అను ప్రశ్నయందు కలదు.

4. ట్రెంటు మహాసభ వాడిన క్రియాపదములు

1546 ఏప్రిలు 8న ట్రెంటు మహాసభ లేఖనములను, అపోస్తలులనుండి వచ్చిన పరంపరను సమానభక్తితో స్వీకరించి, వుల్గాతాను ప్రామాణిక పాఠముగా ప్రకటించెను. 1547 మార్చి 3న సంస్కారములు ఏడనియు, అంతకు హెచ్చుగాని తగ్గుగాని కావనియు, అన్నింటిని క్రీస్తే స్థాపించెననియు శాసించెను. ఈ శాసనమును మాత్రమే చదువువారికి ఏడింటికిని సమానమైన లేఖనాధారమును సభ భావించినట్లు తోచును. కాని తరువాతి అధివేశనములందలి క్రియాపదములను చూడవలెను.

పాపసంకీర్తనమును క్రీస్తు పునరుత్థానానంతరము శిష్యులపై ఊది పరిశుద్ధాత్మను పొందుడని పలికినపుడు 'ముఖ్యముగా' స్థాపించెనని 1551 నవంబరు 25న సభ పలికెను. అదే దినమున అవస్థాభ్యంగనమును గూర్చి, అది మార్కు సువార్తలో 'సూచింపబడిన' దనియు, యాకోబుచే 'ప్రకటింపబడిన' దనియు వ్రాసెను. 1563 నవంబరు 11న వివాహమును గూర్చి, పౌలు దీనిని 'ధ్వనింపజేయుచున్నా' డని మాత్రమే అనెను. వుల్గాతాలో 'సక్రామెంతుమ్' అను పదము కన్నులయెదుట నున్నను, ఆ సభ దానిని నేరుగా ప్రమాణముగా గొనలేదు. గ్రీకు తెలిసిన పండితుల ఆక్షేపణలు ఆ సభికులకు తెలియనివి కావు. మన ఆలంకారికులు వాచ్యమునకును వ్యంగ్యమునకును చూపు భేదమువంటి తారతమ్యము ఆ శాసనమున కలదనుట సాహసము కాదు.

5. మూలవాక్యముల తారతమ్యము

ఇక మూలవాక్యములనే పరిశీలింతము. అవి నాలుగు తెగలుగా విభాగింపదగినవని మేము తలచెదము.

మొదటి తెగయందు కర్మ, ఆజ్ఞ, ఫలము మూడును వాచ్యములు. బాప్తిస్మమునకు మత్తయి 28 : 19, యోహాను 3 : 5, అపోస్తలుల కార్యములు 2 : 38 కలవు. ప్రభుభోజనమునకు మొదటి మూడు సువార్తలును, అంతకుముందే సుమారు 55 ప్రాంతమున వ్రాయబడిన కొరింథీయుల మొదటి లేఖ 11వ అధ్యాయమును కలవు. ఆ లేఖలో పౌలు తాను పొందినదానినే అప్పగించుచున్నానని చెప్పుటచే, ఆ నాటికే అది ఒక సంప్రదాయమై యుండెనని స్పష్టము.

రెండవ తెగయందు కర్మయు ఫలమును కలవు గాని క్రీస్తుని ఆజ్ఞ లిఖితమై యుండలేదు. ఫిలిప్పుచే బాప్తిస్మము పొందిన సమరయ వాసులపై పేతురు యోహానులు చేతులుంచగా వారు పరిశుద్ధాత్మను పొందిరని కార్యములు 8 : 14-17 తెలుపును. ఎఫెసునందు పౌలు చేసినదియు ఇట్టిదే. భద్రమైన అభ్యంగనమునకు ఇది ఆధారము. ఐనను అచ్చట హస్తనిక్షేపమే కాని తైలము లేదు. గురుపట్టమునకు తిమోతికి వ్రాయబడిన రెండు లేఖలును ఆధారములు. హస్తనిక్షేపముచే నీయబడిన వరము అతనియందు కలదని అవి స్పష్టముగా చెప్పును.

ఈ తెగలోనిదే రోగాభ్యంగనము. యాకోబు 5 : 14-15 అత్యంత విచార్యమైన స్థలము. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెను. వారు ప్రభువు పేర తైలమునంటి ప్రార్థింపవలెను. అపుడు ఫలము కలుగును. ఆ ఫలమునకు వాడిన గ్రీకు క్రియలు రెండు: ఒకటి రక్షించుట, వేరొకటి లేవనెత్తుట. రెండును దేహస్వాస్థ్యమునకును ఆత్మరక్షణమునకును సమానముగా చెల్లును. వుల్గాతా రెండవదానికి 'భారము తగ్గించును' అను అర్థమిచ్చు క్రియను పెట్టెను. మంచమునుండి లేచు రోగి, లాటినులో ఉపశమనము పొందు రోగి అయ్యెను. 416లో మొదటి ఇన్నొసెంటు పోపు గుబ్బియో బిషపునకు వ్రాసిన లేఖలో, బిషపుచే ఆశీర్వదింపబడిన ఈ తైలమును గురువులే కాక క్రైస్తవులెల్లరును తమ రోగములయందు వాడవచ్చునని చెప్పెను. అర్లు నగరపు బిషపు సిజేరియసు (మరణము 542) రోగులు మంత్రగాండ్రకడకు పోక ఈ తైలమును ఆశ్రయింపవలెనని బోధించెను. క్రమముగా ఇది గురువులకే పరిమితమై, మరణశయ్యకు చేరి, 12వ శతాబ్దినాటికి 'అంత్యాభ్యంగన' మను పేరు దాల్చెను. ట్రెంటు చిత్తుప్రతిలో ఇది మరణాసన్నులకు 'మాత్రమే' అని యుండగా, తుది శాసనమున 'విశేషించి' అని మార్చబడెను. ఆ ఒక్క పదము మార్పు పిమ్మట నాలుగు శతాబ్దములకు అక్కరకు వచ్చినది.

మూడవ తెగయందు అధికారము వాచ్యము, కర్మస్వరూపము అవాచ్యము. యోహాను 20 : 22-23లో పాపములను క్షమించుటకును నిలుపుటకును శిష్యులకు అధికారమీయబడినది. కాని చెవియందు పాపములను చెప్పుకొను పద్ధతి అచ్చట లేదు. అది ఐర్లండు మఠవాసుల మూలమున వ్యాపించి, 1215లో నాల్గవ లాటెరను మహాసభచే సంవత్సరమునకొకమారు విధింపబడెను. మత్తయి 4 : 17లో మనస్సు మార్చుకొనుటను బోధించు గ్రీకు క్రియకు, వుల్గాతాలో ప్రాయశ్చిత్తము చేయుమను అర్థమునకు చెల్లు మాట పడినది. లూథరు 1517 నాటి తన మొదటి సూత్రమును ఈ మాటతోనే ఆరంభించెను.

నాల్గవ తెగయందు వివాహమొక్కటియే. ఇది క్రీస్తుచే క్రొత్తగా విధింపబడిన కర్మ కాదు, ఆదికాండమునుండి వచ్చినది. మత్తయి 19లో దాని అభేద్యతయు, ఎఫెసీయుల లేఖలో దాని సూచకత్వమును చెప్పబడినవి. కర్మవిధిగాని ఫలవచనముగాని లేవు. ట్రెంటు మహాసభ 'ధ్వని' అను మాటనే ఇచ్చట వాడుట యుక్తముగానే యున్నది.

6. తప్పు భాషాంతరవాద పరీక్ష

ఏడు సంస్కారములును లాటిను పదమునుండియే పుట్టెనన్న వాదమునకు ప్రాచ్యసంఘములు గొప్ప అవరోధము. గ్రీకు సంఘమునకు వుల్గాతాతో పని లేదు. ఐనను ఆ సంఘము తన కర్మలను 'మిస్తేరియా' అనియే పిలుచును. వివాహమును అందు చేర్చును. సిరియా సంఘములు దానియేలు గ్రంథపు 'రాజ్' శబ్దమునకు జ్ఞాతియగు 'రాజా' శబ్దమును ఎఫెసీయుల లేఖయందును, తమ కర్మలకును వాడును. కేరళమునందలి సిరియా సంప్రదాయ కథోలికులు తమ మహాపూజను నేటికిని ఆ పేరుతో పిలుచుచున్నారు. లాటినుతో సంబంధము లేని భాషలలో సైతము రహస్యవాచకమైన పదమే కర్మవాచకముగా పరిణమించుట చూడగా, ఈ పరిణామమునకు కారణము భాషాంతరదోషము కాదు, ఆరాధనానుభవమని తేలుచున్నది. ఏడు అను లెక్క మాత్రము 13వ శతాబ్దిని లాటినులతోడి సంపర్కమువలన గ్రీకులకు వచ్చినది.

7. మూలమునకు మరలుట

20వ శతాబ్దియందు కథోలిక సంఘమే తన ఆచారములను మూలవాక్యములకు సమీపముగా తెచ్చికొనుట చరిత్రకారునకు ఆసక్తికరము. గురుపట్టమునకు పాత్రలను చేతికిచ్చుటయే ముఖ్యమని 1439 శాసనము చెప్పగా, 1947లో పన్నెండవ పయసు పోపు హస్తనిక్షేపమే ముఖ్యమని నిర్ణయించెను. తిమోతి లేఖలలోనున్నది ఇదియే. 1963లో రెండవ వాటికను మహాసభ, అంత్యాభ్యంగనమునకు రోగాభ్యంగనమను పేరు తగియున్నదని ప్రకటించెను. 1972లో ఆ కర్మ తదనుగుణముగా సవరింపబడెను. తుదకు 1979లో రోము ప్రకటించిన నూతన వుల్గాతాలో, ఎఫెసీయులు 5 : 32న 'సక్రామెంతుమ్' తొలగి 'మిస్తేరియుమ్' చేరినది. ఎరాస్మసు సూచించిన పదము నాలుగు శతాబ్దములకు పైబడిన పిమ్మట సంఘముద్రతో వెలసినది. వివాహసంస్కార సిద్ధాంతము మాత్రము దానివలన చెక్కుచెదరలేదు. సిద్ధాంతము ఆ పదముపై నిలిచియుండలేదనుటకు ఇదియే చరిత్ర ఇచ్చిన సాక్ష్యము.

తుదిగా మన భాషను గూర్చి ఒక్క మాట. పూర్వము తెలుగు కథోలికులు సంస్కారములను 'దేవద్రవ్యానుమానములు' అని పిలుచుచుండిరి; తమిళమునను ఇట్టి రూపమే కలదు. దైవసంపదను దృశ్యచిహ్నముచే ఊహించుట అని దీనిని మేము అన్వయింతుము. నైయాయికులు పొగచే నిప్పును అనుమించినట్లు, చిహ్నముచే అనుగ్రహమును అనుమించుట. ఆగస్తీను సైతము చిహ్నవిచారమున పొగను నిప్పును ఉదాహరించుట ముచ్చటైన సంవాదము. ఐనను ఇందొక కొరత కలదు. పొగ నిప్పును తెలుపును గాని పుట్టింపదు. కథోలిక మతమున సంస్కారము అనుగ్రహమును తెలుపుటయే కాక ఇచ్చును కూడ. 'సంస్కారము' అను మాటలో ఈ క్రియాశక్తి కలదు. కాని చిహ్నత్వము లేదు. 'మర్మము'లో దైవరహస్యము కలదు, కర్మ లేదు. ఏ ఒక్క తెలుగు మాటయు మూడింటిని పట్టియుంచజాలకున్నది. లాటిను భాషాంతరకర్తకు నాడు కలిగిన ఇబ్బంది ఇదియే. అతనిని తప్పుపట్టుటకు ముందు, ఆ ఇబ్బందిని మన భాషయందు మనము గూడ తీర్చుకొనలేదని తలంచుట న్యాయము.